ఎన్‌హెచ్‌ఎస్‌ని మార్చడమంటే దేన్ని మార్చడం?

బ్రిటన్‌లో ఉంటున్న మనవాళ్లని ఎవర్నైనా "అక్కడ వైద్యం ఉచితమంట కదా" అని అడిగి చూడండి. "ఉచితమే, ముందు అపాయింట్‌మెంట్ దొరకాలిగా" అంటారు. ఉదయం 8 గంటలకి క్లినిక్ ఫోన్ లైన్లు తెరుచుకుంటాయి. ఊరంతా ఒకేసారి డయల్ చేస్తుంది. పావుగంట ఆలస్యమైతే ఆ రోజుకి ఖాళీలు అయిపోయినట్టే. మనకి తత్కాల్ టికెట్ ఎలాగో వాళ్లకి డాక్టర్ అపాయింట్‌మెంట్ అలాగ. ఈ గోల తగ్గించడానికే ఇంగ్లండ్‌లో క్లినిక్‌లు పనివేళలంతా ఆన్‌లైన్‌లో కూడా రోగుల వినతులు తీసుకోవాలని 2025 అక్టోబరు నుంచి నిబంధన పెట్టారు.

అక్కడి ప్రజల అభిప్రాయాల మీద 1983 నుంచి ఒక సర్వే జరుగుతోంది. అక్కడి ప్రభుత్వ వైద్య వ్యవస్థ ఎన్‌హెచ్‌ఎస్ పనితీరుతో తృప్తిగా ఉన్నామన్నవాళ్లు 2010లో 70 శాతం. 2024కి వచ్చేసరికి 21 శాతం. సర్వే మొదలయ్యాక అంత తక్కువ ఎప్పుడూ లేదు. అయితే అదే సర్వేలో, వైద్యం చేయించుకునేటప్పుడు డబ్బు అడగకూడదన్న సూత్రం అలాగే ఉండాలన్నవాళ్లు పదిమందిలో దాదాపు తొమ్మిది మంది. ఇల్లు కారుతోందని రోజూ తిట్టుకుంటారు, మేస్త్రీ గడప తొక్కితే మాత్రం భయపడతారు. 'సంస్కరణ' అనగానే బ్రిటన్‌లో లేచే గొడవంతా ఈ రెండు అంకెల మధ్య నుంచి పుట్టిందే.

ఆ గొడవలో చాలా భాగం మాటల చిక్కు. 'సంస్కరణ', 'ప్రైవేటీకరణ' అనే మాటల్ని ఒక్కొక్కరు ఒక్కో అర్థంలో వాడతారు.

ఒక పేరు, నాలుగు వ్యవస్థలు

ఎన్‌హెచ్‌ఎస్ అంటే నేషనల్ హెల్త్ సర్వీస్. 1948 జులై 5న మొదలైంది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అధికారంలోకొచ్చిన లేబర్ ప్రభుత్వంలో ఆరోగ్య మంత్రి అనైరిన్ బెవన్ దీన్ని కట్టాడు. ఆయనది వేల్స్‌లోని ట్రెడిగర్ అనే బొగ్గుగనుల ఊరు. అక్కడి కార్మికులు జీతంలోంచి కొంత పోగేసి అందరికీ వైద్యం అందేలా సంఘం పెట్టుకున్నారు. దాన్ని దేశమంతటికీ విస్తరించాలన్నదే ఆయన ఆలోచన. డాక్టర్ల సంఘం గట్టిగా వ్యతిరేకించింది. చివరికి పెద్ద డాక్టర్లు ప్రైవేటు ప్రాక్టీసు కొనసాగించుకోవచ్చని, కుటుంబ వైద్యులు ప్రభుత్వ ఉద్యోగులు కాకుండా కాంట్రాక్టు మీద స్వతంత్రంగా ఉండొచ్చని రాజీ కుదిరింది. ఈ రెండో విషయం గుర్తుంచుకోండి, ముందు ముందు అక్కరకొస్తుంది.

ఇంగ్లండ్, స్కాట్లండ్, వేల్స్, ఉత్తర ఐర్లండ్ నాలుగూ తమ ఆరోగ్య సేవల్ని విడివిడిగా నడుపుకుంటాయి. లండన్‌లో మంత్రి ప్రకటించే మార్పులు దాదాపు అన్నీ ఇంగ్లండ్‌కే. మందుల చీటీ ఉదాహరణ చూడండి. ఇంగ్లండ్‌లో ఒక్కో మందుకి 9.90 పౌండ్లు కట్టాలి. పిల్లలు, 60 దాటినవాళ్లు, ఇంకా చాలామందికి మినహాయింపు ఉంది కాబట్టి, వాడే మందుల్లో పదింట తొమ్మిది వంతులు ఎలాగూ ఉచితంగానే వెళ్తాయి. వేల్స్ 2007లో, ఉత్తర ఐర్లండ్ 2010లో, స్కాట్లండ్ 2011లో ఆ రుసుము పూర్తిగా తీసేశాయి.

అంటే 'అంతా ఉచితం' అన్నది ఇంగ్లండ్‌కి ఎప్పుడూ పూర్తిగా నిజం కాదు. పుట్టిన మూడేళ్లకే, 1951లో, కట్టుడు పళ్లకి, కళ్లద్దాలకి రుసుము పెట్టారు. దానికి నిరసనగా బెవన్ మంత్రి పదవికే రాజీనామా చేశాడు. ఉచితం అన్నదానికి గీత ఎక్కడ గీయాలన్న తగువు ఎన్‌హెచ్‌ఎస్ అంత పాతది.

ఒకే మాటలో ఇరుక్కున్న మూడు ప్రశ్నలు

ఏ ఆరోగ్య వ్యవస్థనైనా మూడు ప్రశ్నలు వేసి చూడొచ్చు. డబ్బెవరు పెడతారు? వైద్యమెవరు చేస్తారు? పెత్తనమెవరిది?

ఆరోగ్యశ్రీ మనకి తెలిసిందే. 2007లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైంది. డబ్బు ప్రభుత్వానిది. వైద్యం చేసేది ప్రభుత్వాసుపత్రులతో పాటు ప్రైవేటు నెట్‌వర్క్ ఆసుపత్రులు. ఏ జబ్బుకి ఎంత ప్యాకేజీ అని తేల్చేది ట్రస్టు. బిల్లులు పేరుకుపోతే ఆసుపత్రులు సేవలు ఆపేస్తామని నోటీసులిస్తాయి. ఇలాంటి కబుర్లు రెండు రాష్ట్రాల పేపర్లలోనూ చూస్తూనే ఉంటాం. ఈ పద్ధతిని మనం ప్రభుత్వ పథకమంటాం. అచ్చంగా ఇదే పద్ధతిని ఇంగ్లండ్‌లో ప్రవేశపెడితే సగం మంది 'ప్రైవేటీకరణ' అని కేకలేస్తారు. వాళ్లు అబద్ధం చెబుతున్నట్టు కాదు, వాళ్లు రెండో ప్రశ్న గురించి మాట్లాడుతున్నారు. 'ఎక్కడి ప్రైవేటీకరణ, రోగి పైసా కట్టడం లేదుగా' అని మంత్రి అంటే ఆయన మొదటి ప్రశ్నకి జవాబు చెబుతున్నాడు.

ఎన్‌హెచ్‌ఎస్ డబ్బు సంగతి తేలిక. దాదాపు ఐదింట నాలుగు వంతులు సాధారణ పన్నుల్లోంచి, మిగతాదాంట్లో ఎక్కువ భాగం జీతాల మీద కట్టే నేషనల్ ఇన్సూరెన్స్‌లోంచి వస్తుంది. రోగులు కట్టే రుసుములు నామమాత్రం. నేషనల్ ఇన్సూరెన్స్ అనే పేరు చూసి అదంతా ఆరోగ్య బీమా ప్రీమియం అనుకునేవాళ్లు అక్కడా కొల్లలు. అందులో ఎక్కువ భాగం పింఛన్లకి పోతుంది.

రెండో ప్రశ్న దగ్గరే చిక్కు. కుటుంబ వైద్యుల క్లినిక్‌లు, జీపీ సర్జరీలంటారు, మొదటి రోజు నుంచీ చాలావరకు డాక్టర్ల సొంత వ్యాపారాలే. వాటిని ఎవరూ ప్రైవేటు అనుకోరు. వాటిని పక్కన పెట్టి లెక్కేస్తే, ఇంగ్లండ్ ఆరోగ్య బడ్జెట్‌లో ప్రైవేటు సంస్థల నుంచి కొనే సేవల వాటా ఏడు శాతం అటూ ఇటూ అని చాలా ఏళ్లుగా చెబుతున్నారు. జీపీలనూ మందుల షాపులనూ పళ్ల డాక్టర్లనూ కలుపుకుంటే వాటా ఎన్నో రెట్లు పెరుగుతుంది. ఇద్దరూ నిజమే చెబుతూ టీవీలో కొట్టుకోవచ్చు.

కంటిశుక్లం ఆపరేషన్ సంగతి చూద్దాం. ఇంగ్లండ్‌లో ఎన్‌హెచ్‌ఎస్ డబ్బుతో జరిగే శుక్లం ఆపరేషన్లలో ఇప్పుడు సగానికి పైగా ప్రైవేటు కేంద్రాల్లోనే జరుగుతున్నాయి. రోగి ఏమీ కట్టడు, కొన్ని వారాల్లో పనైపోతుంది. సమర్థించేవాళ్ల వాదన అక్కడితో ఆగుతుంది, అది చిన్న వాదనేమీ కాదు. ఎదుటివాళ్లు ఇంకో రెండడుగులు ముందుకెళ్తారు. తేలికైన కేసులన్నీ ప్రైవేటుకి పోతే గ్లాకోమా, రెటీనా లాంటి కష్టమైనవన్నీ ప్రభుత్వాసుపత్రికే మిగులుతాయి. కొత్త డాక్టర్లు చేయి తిప్పుకోవడానికి కావలసింది ఆ తేలిక కేసులే. అవి లేకపోతే రేపటి కంటి సర్జన్లు ఎక్కడ నేర్చుకోవాలి? బడ్జెట్ ఒకటే కాబట్టి శుక్లాలకి ఎక్కువ పోతే చూపు శాశ్వతంగా పోయే జబ్బులకి తక్కువ మిగులుతుందన్నది ఇంకో భయం. ఇది 'ప్రైవేటు మంచిదా చెడ్డదా' అన్న ప్రశ్న కాదు, కాంట్రాక్టు ఎలా రాశారన్న ప్రశ్న.

బోర్డులు మారిన కథ

మూడో ప్రశ్న పెత్తనం. గత 35 ఏళ్లలో సంస్కరణ పేరుతో జరిగినదాంట్లో సింహభాగం ఇక్కడే జరిగింది. 1990 చట్టం కొనేవాళ్లనీ అమ్మేవాళ్లనీ విడదీసింది. ఆసుపత్రులు ట్రస్టులయ్యాయి, వాటి నుంచి సేవలు కొనడానికి వేరే సంస్థలొచ్చాయి. 2012లో అప్పటి ఆరోగ్య మంత్రి ఆండ్రూ లాన్స్‌లీ తెచ్చిన చట్టం ఆ కొనుగోలు సంస్థలన్నిటినీ రద్దు చేసి, జీపీల నాయకత్వంలో కొత్తవి పెట్టి, పైన ఎన్‌హెచ్‌ఎస్ ఇంగ్లండ్ అనే స్వతంత్ర సంస్థని కూర్చోబెట్టింది. ఆ మార్పు ఎంత పెద్దదంటే అంతరిక్షంలోంచి కూడా కనిపిస్తుందని అప్పటి ఎన్‌హెచ్‌ఎస్ అధిపతే చమత్కరించాడు. పదేళ్లు తిరిగేసరికి 2022 చట్టం ఆ జీపీ సంస్థల్ని తీసేసి, 42 ప్రాంతీయ బోర్డుల్ని తెచ్చింది. 2025 మార్చి 13న ప్రధాని కీర్ స్టార్మర్, ఎన్‌హెచ్‌ఎస్ ఇంగ్లండ్‌నే ఎత్తేసి ఆరోగ్య శాఖలో కలిపేస్తామని ప్రకటించాడు. ఆ 42 బోర్డుల నిర్వహణ ఖర్చు కూడా సగానికి దించుకోమన్నారు.

సమర్థించేవాళ్లు చెప్పేది: ఒకే పనికి రెండు ఆఫీసులెందుకు, వేల కోట్ల ప్రజాధనానికి మంత్రి నేరుగా జవాబుదారీ కావాలి. వ్యతిరేకించేవాళ్లు చెప్పేది: ఇలాంటి ప్రతి మార్పుకీ రెండు మూడేళ్లు పడుతుంది, అనుభవమున్నవాళ్లు వెళ్లిపోతారు, మిగిలినవాళ్లు రోగుల్ని వదిలేసి తమ కుర్చీల గురించి టెన్షన్ పడతారు. నాకైతే రెండోవాళ్ల మాటలోనే బరువు కనిపిస్తుంది. ఎందుకంటే ఈ మూడున్నర దశాబ్దాల్లో సామాన్యుడికి తేడా తెలిసిన మెరుగుదల 2000 తర్వాతి పదేళ్లలో వచ్చింది. అప్పుడు బడ్జెట్ బాగా పెంచారు, క్యాజువాలిటీలో నాలుగు గంటలు, ఆపరేషన్‌కి 18 వారాలు అని గడువులు పెట్టారు. 2010లో 70 శాతం తృప్తి అప్పటి పంటే. ఆ గడువులకీ మచ్చ ఉంది. మిడ్ స్టాఫర్డ్‌షైర్ ఆసుపత్రిలో లక్ష్యాల మీద, లెక్కల మీద దృష్టి పెట్టి రోగుల బాగోగులు గాలికొదిలేశారని 2013లో ఫ్రాన్సిస్ విచారణ నివేదిక తేల్చింది.

ఒక మంచం, దాని వెనక క్యూ

ఇప్పుడు బోర్డుల్ని వదిలేసి ఒక వార్డులోకి వెళ్దాం. ఊహించిన ఉదాహరణే గానీ, ఇంగ్లండ్‌లో ఏ రోజైనా ఏదో ఒక ఆసుపత్రిలో జరిగేదే.

84 ఏళ్ల పెద్దావిడ ఇంట్లో జారిపడింది. తుంటి ఎముక ఆపరేషన్ బాగానే జరిగింది. పదో రోజు డాక్టర్ "ఇంటికెళ్లొచ్చమ్మా" అన్నాడు. కానీ ఆవిడ ఒంటరిది. పొద్దున లేపి కూర్చోబెట్టడానికి, స్నానం చేయించడానికి రోజుకి రెండుసార్లు ఎవరో ఒకరు రావాలి. ఆ మనిషిని ఏర్పాటు చేయాల్సింది ఆసుపత్రి కాదు, స్థానిక కౌన్సిల్. కౌన్సిల్ దగ్గర డబ్బుల్లేవు, మనుషుల్లేరు. పెద్దావిడ మంచం మీదే ఉండిపోయింది.

ఆ మంచం ఖాళీ కాలేదు కాబట్టి కింద క్యాజువాలిటీలో నిమోనియాతో వచ్చిన రోగి వరండాలో ట్రాలీ మీదే రాత్రి గడిపాడు. ట్రాలీ ఖాళీ లేదు కాబట్టి బయట అంబులెన్స్‌లో ఉన్న మనిషిని లోపలికి దించుకోలేదు. అంబులెన్స్ అక్కడే నిలబడిపోయింది కాబట్టి నాలుగు మైళ్ల అవతల గుండెనొప్పితో 999కి ఫోన్ చేసినాయన ఇంటికి వెళ్లడానికి బండి లేదు. ఆయనకి కావలసిన అంబులెన్స్ ఉంది, డ్రైవర్ ఉన్నాడు, డాక్టర్ ఉన్నాడు. లేనిదల్లా ఆ పెద్దావిడకి స్నానం చేయించే మనిషి.

ఇలా ఇంటికెళ్లే స్థితిలో ఉండి కూడా మంచాల మీద ఉండిపోయినవాళ్లు ఇంగ్లండ్‌లో రోజుకి 12 వేల మంది దాకా ఉంటున్నారు. అసలు మంచాలే తక్కువ. జర్మనీలో వెయ్యి మందికి ఏడుకు పైగా మంచాలుంటే బ్రిటన్‌లో రెండున్నర కూడా లేవు.

ఈ ఇంటి సాయాన్ని అక్కడ సోషల్ కేర్ అంటారు. ఇది ఎన్‌హెచ్‌ఎస్‌లో భాగం కాదు, ఉచితమూ కాదు. ఇంగ్లండ్‌లో 23,250 పౌండ్లకి మించి ఆస్తి ఉంటే ఖర్చంతా సొంతంగా భరించాలి. వృద్ధాశ్రమానికి వెళ్లాల్సివస్తే, ఇంట్లో భర్తో భార్యో లేకపోతే ఆ ఇల్లు కూడా ఆస్తి లెక్కలోకి వస్తుంది. క్యాన్సర్ వస్తే ప్రభుత్వం భరిస్తుంది, మతిమరుపు జబ్బొస్తే ఇల్లమ్ముకోవాలి. ఒక మనిషి జీవితకాలంలో భరించే ఖర్చుకి పరిమితి పెట్టాలని 2011లోనే డిల్నాట్ కమిషన్ సూచించింది. ఆ పరిమితిని 86 వేల పౌండ్లుగా ఖాయం చేసి, ఒకసారి వాయిదా వేసి, 2025 అక్టోబరుకి తెస్తామని చెప్పి, 2024 జులైలో రద్దు చేశారు.

ఈ పని చేసే మనుషులు ఎక్కడి నుంచి వస్తారన్న ప్రశ్నకి మనతో నేరుగా సంబంధముంది. కేర్ వర్కర్ వీసాల మీద మన రెండు రాష్ట్రాల నుంచీ వెళ్లినవాళ్లున్నారు. 2024 మార్చి నుంచి వాళ్లు కుటుంబాన్ని తీసుకెళ్లడానికి వీల్లేదన్నారు. 2025 జులైలో విదేశాల నుంచి కొత్తగా తీసుకోవడమే ఆపేశారు. వలసలు తగ్గించాలన్న ఆత్రం ఒక శాఖది, మంచాలు ఖాళీ చేయాలన్న ఆత్రం ఇంకో శాఖది.

క్యూ లెక్క

వార్తల్లో కనిపించే అంకె ఇంగ్లండ్‌లో ఆసుపత్రి చికిత్స కోసం ఎదురుచూసే వెయిటింగ్ లిస్టు. కరోనాకి ముందు సుమారు 46 లక్షలు, 2023 సెప్టెంబరులో 77 లక్షలు దాటింది, 2025లో 74 లక్షల దగ్గర కదిలింది. ఇది మనుషుల లెక్క కాదు, కేసుల లెక్క. మోకాలికీ చెవికీ వేరువేరుగా రిఫర్ అయిన మనిషి రెండుసార్లు లెక్కకొస్తాడు. 77 లక్షల కేసుల వెనక ఉన్న మనుషులు 65 లక్షల దాకా.

ఒక ఆసుపత్రికి వారానికి 100 కొత్త కేసులొస్తాయి, 98 పూర్తవుతాయి అనుకుందాం. లోటు రెండే. సంవత్సరం తిరిగేసరికి 104 కేసులు పేరుకుంటాయి. మరుసటి ఏడు అదనపు డబ్బిచ్చి వారానికి 101 చేయించారు. మంత్రి రికార్డు స్థాయిలో చికిత్సలు చేశామంటాడు, నిజమే. కానీ పాత 104 తీరడానికి రెండేళ్లు పడుతుంది. ఈలోగా ఒక్క సమ్మె వచ్చినా, ఒక్క ఫ్లూ సీజన్ ముదిరినా లెక్క వెనక్కి. అందుకే 'ఎక్కువ పని చేస్తున్నాం' అన్న ప్రభుత్వమూ, 'నాకేం తేడా తెలియలేదు' అన్న రోగీ ఇద్దరూ నిజమే చెబుతారు.

ఇంకో మెలిక. 2024 సెప్టెంబరులో సర్జన్ లార్డ్ ఆరా దార్జీ ఇచ్చిన నివేదిక ప్రకారం 2019–2023 మధ్య ఆసుపత్రి సిబ్బంది సుమారు 17 శాతం పెరిగారు, చికిత్సలు ఆ స్థాయిలో పెరగలేదు. 'మనుషులు పనిచేయట్లేదు' అని దీన్ని చదివేవాళ్లున్నారు. దార్జీ మాత్రం కదలని మంచాలనూ, పాత భవనాలనూ, పాత కంప్యూటర్లనూ చూపించాడు. కింగ్స్ లిన్‌లోని క్వీన్ ఎలిజబెత్ ఆసుపత్రి పైకప్పుల్ని వేల కొద్దీ ఉక్కు, కర్ర స్తంభాలు నిలబెడుతున్నాయి. ఇంగ్లండ్ అంతటా ఆసుపత్రుల్లో చేయకుండా పెండింగ్‌లో పెట్టిన మరమ్మతుల విలువ 2023–24లో 1,380 కోట్ల పౌండ్లు.

పన్నా, బీమానా?

ఇంత కష్టమెందుకు, జర్మనీ, ఫ్రాన్స్ లాగా సామాజిక బీమాకి మారిపోతే పోలేదా అన్న వాదన ఈమధ్య మళ్లీ వినిపిస్తోంది. ఆ దేశాల్లో ఉద్యోగి, యజమాని కలిసి బీమా నిధులకి కడతారు. ఆసుపత్రులు ప్రభుత్వానివీ, ధర్మసంస్థలవీ, ప్రైవేటువీ ఉంటాయి. రోగికి ఎంచుకునే వీలు ఎక్కువ. ఆరోగ్యానికి కేటాయించిన డబ్బుని ఆర్థిక మంత్రి మరోవైపు మళ్లించలేడు. ఎదురు వాదన: ఆ దేశాలు చాలా ఏళ్లుగా తలసరి ఎక్కువ ఖర్చు పెడుతున్నాయి, మంచాలు ఎక్కువుండటం దాని ఫలితమే, బీమా అన్న పేరుది కాదు. మారడానికయ్యే ఖర్చు, బీమా నిధుల ఆఫీసుల ఖర్చు అదనం. బీమా అనగానే బ్రిటిష్ వాళ్లకి అమెరికా గుర్తొచ్చి వణుకుతారు గానీ, అమెరికాకీ జర్మనీకీ చాలా దూరం. జర్మనీలో ఉద్యోగం పోయినంత మాత్రాన బీమా పోదు.

అసలు భయపడాల్సిన నమూనా బయటి దేశాల్లో కాదు, ఇంగ్లండ్‌లోనే ఉంది. పళ్ల వైద్యం ఇప్పటికీ ఎన్‌హెచ్‌ఎస్‌లో భాగమే, కాగితం మీద. 2006లో పళ్ల డాక్టర్ల కాంట్రాక్టు మార్చి, చికిత్సకి పాయింట్లు పెట్టారు. ఒక పన్ను పూడ్చినా నాలుగు పూడ్చినా అవే పాయింట్లు. ఎక్కువ పళ్లు చెడిపోయినవాళ్లని చూస్తే నష్టం. 2022 చివర్లో ఆ పాయింట్లని కాస్త సవరించేసరికే చాలామంది డాక్టర్లు ఎన్‌హెచ్‌ఎస్ పని తగ్గించుకుని ప్రైవేటు వైపు జరిగిపోయారు. ఏ చట్టమూ రద్దు కాలేదు, ఎవరూ ఏదీ అమ్మలేదు. 2024 ఫిబ్రవరిలో బ్రిస్టల్‌లోని సెయింట్ పాల్స్‌లో ఒక పళ్ల క్లినిక్ ఎన్‌హెచ్‌ఎస్ రోగుల్ని చేర్చుకుంటామంటే వందలమంది వీధి పొడవునా బారులు తీరారు, పోలీసులు రావాల్సివచ్చింది.

మన డాక్టర్లు, మన అమ్మానాన్నలు

2025 జులైలో వచ్చిన పదేళ్ల ప్రణాళిక మూడు మార్పులు చెప్పింది: ఆసుపత్రి నుంచి ఊళ్లోకి, కాగితం నుంచి కంప్యూటర్‌కి, జబ్బు నయం చేయడం నుంచి రాకుండా చూడటానికి. కంప్యూటర్ దగ్గర జనానికి అనుమానాలున్నాయి. రోగుల వివరాల్ని ఒకచోట చేర్చే కేర్ డాట్ డేటా పథకాన్ని 2016లో వదిలేశారు. 2021లో అలాంటి ఇంకో ప్రయత్నం మొదలవగానే పది లక్షల మందికి పైగా తమ వివరాలు ఇవ్వబోమన్నారు. 2023 నవంబరులో అమెరికా సంస్థ పాలంటీర్‌కి 33 కోట్ల పౌండ్ల డేటా కాంట్రాక్టు ఇవ్వడంతో ఆ అనుమానం ఇంకా ముదిరింది. మరోవైపు, ఒక ఆసుపత్రిలో తీసిన స్కాన్ పక్క ఊరి ఆసుపత్రిలో కనబడక రోగులు మళ్లీ తీయించుకోవడమూ నిజమే.

అదే ప్రణాళికలో విదేశీ నియామకాల్ని 2035 నాటికి పది శాతం లోపుకి తేవాలని, స్పెషలిస్టు శిక్షణ సీట్లలో బ్రిటన్‌లో చదివినవాళ్లకీ, అక్కడ చాలాకాలం పనిచేసినవాళ్లకీ ముందు అవకాశమివ్వాలని రాశారు. కారణం లేకపోలేదు. 2025లో పదివేల సీట్లకి 30 వేలమందికి పైగా పోటీపడ్డారు. గుంటూరులోనో వరంగల్లులోనో ఎంబీబీఎస్ చదివి, విదేశీ డాక్టర్లు బ్రిటన్‌లో పనిచేయడానికి రాసే ప్లాబ్ పరీక్ష రాసి, లండన్ విమానమెక్కుదామనుకునే పిల్లలకి ఇది పిడుగులాంటి కబురే.

ఇక ఉద్యోగ వీసా మీద అక్కడున్నవాళ్లు పన్ను కడుతూనే, పెద్దవాళ్లకైతే తలకి ఏడాదికి 1,035 పౌండ్ల ఆరోగ్య సర్‌చార్జి కూడా కడతారు. 2015లో అది 200 పౌండ్లు. ఎన్‌హెచ్‌ఎస్‌లో పనిచేసే డాక్టర్లు, నర్సులకి హెల్త్ వీసా ఉంటే మినహాయింపు. పిల్లల దగ్గర ఆరు నెలలు ఉండటానికి వెళ్లే అమ్మానాన్నల లెక్క వేరు. జీపీని ఉచితంగా చూడొచ్చు, క్యాజువాలిటీలో చూసినంతవరకూ ఉచితమే. వార్డులో చేర్చుకున్నారా, అసలు ధరకి ఒకటిన్నర రెట్లు బిల్లొస్తుంది. ట్రావెల్ ఇన్సూరెన్స్ లేకుండా అమ్మని విమానమెక్కించకూడదని అక్కడి తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో పదేపదే చెప్పుకునేది ఇందుకే.

సోషల్ కేర్ మాటకొస్తే, 2025 జనవరిలో లూయీస్ కేసీ అధ్యక్షతన ఇంకో కమిషన్ ప్రకటించారు. దాని తుది నివేదికకి గడువు 2028. అప్పటిదాకా ఆ పెద్దావిడ మంచం సంగతి కౌన్సిల్ చూసుకోవాలి.